అటక మీది విస్తర్లు

మేం కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసినప్పుడు మా అమ్మ భోజనాల కోసం రెండు వందల విస్తర్లు కుట్టింది. చిన్నమ్మను వెంటబెట్టుకుని కొండ మీదికి వెళ్లి అడ్డాకు కోసుకొచ్చింది. ఆకుల్ని దొంతరలు పేర్చి, పైన బండరాయి బరువు పెట్టి, నీడలో ఆరబెట్టింది. వెదురు చీల్చి ఈనెలు తీసింది. పది రోజులు సాయంత్రం పూట వాకిట్లో కూర్చుని కుట్టింది. నేనేమో ఆ కట్టలన్నీ మా ఆయన చేత అటక మీద పెట్టించాను. మండల కేంద్రంలోని కొట్టు నుంచి వెండిరంగు పూత ఉన్న కాగితం ప్లేట్లు మూడు వందలు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్ల బస్తాలు తెప్పించాను. మా బడివాళ్లు వస్తారు, మైదానం నుంచి మా ఆయన ఆఫీసువాళ్లు వస్తారు. వాళ్ల ముందు ఆకుల్లో వడ్డిస్తే ఏమనుకుంటారోనని నాకు నామోషీ వేసింది.

"ఒలే, నేను కుట్టినవి ఏటి చేస్తావు?" అని అడిగింది అమ్మ.

"దాచానమ్మా. తర్వాత పనికొస్తాయి."

అమ్మ మళ్లీ అడగలేదు. బంతిలో కూర్చుని అందరితోపాటు ఆ వెండిరంగు ప్లేటులోనే తిన్నది.

భోజనాలయ్యాక ప్లేట్లన్నీ గోనె సంచుల్లో కుక్కి గెడ్డ ఒడ్డున పోయించాం. మా ఊళ్లో ఎవరింట ఫంక్షన్ జరిగినా అక్కడే పోస్తారు. పులుసు, అన్నం అంటుకుని ఉన్నాయి కాబట్టి రాత్రికి కుక్కలు, తెల్లారేసరికి పశువులు చేరాయి. దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. నేనైతే అసలే ఆలోచించలేదు.

మరుసటి ఏడాది వానాకాలంలో మా చిన్నాన్న ఆవు చచ్చిపోయింది. చూలు ఆవు. నాలుగు రోజులు మేత ముట్టలేదు, పొట్ట ఉబ్బింది, నెమరు ఆగిపోయింది. బీమా ఉంది కాబట్టి పశువుల డాక్టరు వచ్చి కోసి చూశారు. కడుపులోంచి గోనె సంచి ముద్దలాంటిది తీసి గట్టున పెట్టారు. కవర్లు, తాళ్లు, పాల ప్యాకెట్లు, మధ్యమధ్యలో వెండిరంగు ముక్కలు. నేను బడి నుంచి వస్తూ అక్కడ ఆగాను. ఊరంతా ఉంది. ఆ వెండిరంగు ముక్కలు ఎవరింటివని ఎవరూ అడగలేదు. మా చిన్నాన్న కూడా నావైపు చూడలేదు. ఆ ఏడాదిలో మా ఊళ్లో మూడు పెళ్లిళ్లు, రెండు కర్మలు జరిగాయి, అన్నింటిలోనూ అవే ప్లేట్లు. మావే అని చెప్పడానికి ఆధారం లేదు. మావి కావని చెప్పడానికీ లేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఒక్క మాటే అంది: "ఆకైతే అరిగిపోను."

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. ఇంట్లో చెత్త తగ్గించుకోవడం గురించి మనం బడిలో చాలా పాఠాలు చెబుతాం. అది పరిశుభ్రత పాఠంలోనో, పర్యావరణం పాఠంలోనో వస్తుంది. నాకు మాత్రం ఆ రోజు నుంచి అది తప్పొప్పుల ప్రశ్నగా కనిపిస్తోంది. నేను పారేసిన వస్తువు ఇంకొకరికి నష్టం చేసింది, ఆ నష్టం చేసింది నేనేనని ఎవరూ తేల్చలేరు. అలాంటప్పుడు నా మీద బాధ్యత ఉన్నట్టా, లేనట్టా?

మా ఊళ్లో నలభై గడపలు. ఆవు చావును నలభైకి భాగిస్తే ఒక్కో ఇంటికి వచ్చేది లెక్కలోకి రాని వాటా. అందుకే ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇదే లెక్కను తిరగేసి చెప్పే మాట కూడా మీరు వినే ఉంటారు: "నా ఒక్క ఇల్లు మానేస్తే ఏం ఒరుగుతుంది?" తప్పు చేసినప్పుడు నా వాటా సున్నా, మంచి చేద్దామన్నప్పుడూ నా వాటా సున్నా. నాలుగో తరగతికి భాగహారం చెప్పేటప్పుడు శేషం వదిలేయొద్దని పిల్లల్ని కోప్పడతాను. నలభై ఇళ్లకూ పంచగా మిగిలిన శేషం మా చిన్నాన్న పాకలో ఖాళీగా ఉన్న గుంజ.

ఇక్కడ చాలామంది రచయితలు ఒక దారి పడతారు. మన తాతముత్తాతలు ప్రకృతితో కలిసి బతికారు, వాళ్ల ఇంట్లో చెత్తే లేదు, మళ్లీ అలా బతకాలి అంటారు. నేను ఆ దారిన పోలేను. మా అమ్మమ్మ ఇంట్లో చెత్త లేని మాట నిజమే. ఎందుకు లేదో కూడా నాకు తెలుసు. పారేయడానికి ఏమీ లేదు. చింతపండు సంతకు పోగా మిగిలిన చింతపిక్కలు వేయించుకుని తినేవాళ్లు. మామిడి పండు తిన్నాక టెంక కొట్టి, లోపలి పప్పు తీసి, నీళ్లలో నానబెట్టి, వగరు పోయాక ఎండబెట్టి, పిండి చేసి అంబలి కాచేవాళ్లు. ఇప్పుడెవరైనా దాన్ని వ్యర్థం నుంచి ఆహారం అని మెచ్చుకోవచ్చు. అది వానాకాలపు ఆకలి. సామలు, చోడులు ఇంటికి రాకముందు బుట్టలు ఖాళీ అయ్యే నెలల్లో తిన్న తిండి అది. 2001లో మన పక్కనే ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో టెంకల అంబలి తాగి ఆదివాసీలు చనిపోయారని దేశమంతా పత్రికలు రాశాయి. బూజు పట్టిన టెంకలు విషమవుతాయి. అది తెలిసి కూడా ఆకలి ఉన్నవాడు పారేయలేడు.

కాబట్టి అమ్మమ్మ దేన్నీ పారేయకపోవడాన్ని గుణం అనొచ్చా? పారేసే వీలు లేనివాడు పారేయకపోతే అది అవసరం. పారేయగలిగి ఉండీ పారేయనివాడి దగ్గరే అది గుణమా కాదా అనే మాట మొదలవుతుంది. ఆ లెక్కన మా అమ్మమ్మకు ఈ పరీక్ష ఎప్పుడూ రాలేదు. మా ఇంట్లో మొదటి జీతం తెచ్చుకున్నది నేను. పరీక్ష నాతోనే మొదలైంది. మొదటిసారే తప్పాను.

ఎందుకు తప్పానో చాలా రోజులు ఆలోచించాను. లేమి నుంచి బయటపడినప్పుడు మనం లేమితోపాటు ఆనాటి అలవాట్లనూ గెడ్డలో వదిలేశాం. ఏది ఆకలి నేర్పిన అలవాటో, ఏది తెలివి నేర్పిన అలవాటో వేరు చేసుకోలేదు. టెంకల అంబలి వదిలేయాల్సిందే, వదిలేశాం. దాంతోపాటు అడ్డాకు విస్తరి, నీళ్లు తీసుకెళ్లే ఆనపకాయ బుర్ర, సంతకు పట్టుకెళ్లే బుట్ట, పళ్లు తోముకునే కానుగ పుల్ల, అన్నీ లేనివాళ్ల గుర్తులే అనుకున్నాం. బజారు నుంచి వచ్చి, ఒకసారి వాడి పారేసేదల్లా ఉన్నవాళ్ల గుర్తు. మన ఇంటి ముందు ప్యాకెట్లు పడి ఉంటే మనం పైకొచ్చినట్టు. ఎవరూ ఇలా పైకి అనరు. కానీ ఆ రోజు విస్తర్లు అటక ఎక్కించినప్పుడు నా మనసులో ఉన్నది ఇదే.

పెంట అనే మాట చూడండి. మా ఊళ్లో పెంట అంటే ఎరువు. ప్రతి ఇంటికీ ఒక పెంటకుప్ప ఉండేది. పొయ్యి బూడిద, పేడ, కూర తొక్కలు, తిన్న విస్తరి, ఊడ్చిన ఆకులు, చిరిగి దారం దారం అయిన నూలు గుడ్డ దాకా అన్నీ అందులో పడేవి. వేసవి చివర ఆ కుప్ప తవ్వి బుట్టలతో చోడి మడికి మోసేవాళ్లు. అంటే ఇంట్లోంచి బయటికి పోయింది మళ్లీ చోడిగింజగా ఇంటికొచ్చేది. మైదానం మాటల్లో పెంట తిట్టు అయింది. ఇప్పుడు మా కుప్ప తవ్వితే గడ్డపారకు కవర్లు గుచ్చుకుని వస్తాయి. మడిలో చల్లితే నాగలికి చుట్టుకుంటాయి. పోయినేడు మా తమ్ముడు పెంట మోయడం మానేసి యూరియా బస్తా తెచ్చుకున్నాడు. కవర్లు ఏరుకునే ఓపిక లేదన్నాడు. ఒక షాంపూ ప్యాకెట్టు పారేయడం చిన్న విషయమే. అది పెంటకుప్పను చెత్తకుప్పగా మార్చేసింది. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా తెలిసిన తరం బహుశా మాదే చివరిది.

సంత రోజున ఘాట్ రోడ్డు పక్కన నిలబడి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. కిందికి దిగే వ్యాన్లలో చింతపండు, కుంకుడుకాయలు, శీకాయ, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు. పైకి ఎక్కే వ్యాన్లలో షాంపూ ప్యాకెట్లు, ప్లాస్టిక్ చీపుర్లు, పూత ప్లేట్లు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన దగ్గర అటవీ ఫలసాయం కొని పట్నాల్లో అమ్ముతోంది. మనం కోసిన కుంకుడుకాయతో పట్నంవాళ్లు తలంటుకుంటారు. మనం ఆ డబ్బుతో ప్యాకెట్టు చింపుకుని తలంటుకుంటాం. మనం కుట్టిన ఆకులో పట్నంలో పెళ్లి భోజనం పెడితే 'సంప్రదాయం' అని మురిసిపోతారు. మనం ఆకులో పెడితే 'ఇంకా అడవిలోనే ఉన్నారు' అంటారు. అంటారో లేదో, అంటారని మనకు భయం.

అయినా ప్యాకెట్టును నేను తిట్టలేను. షాంపూను ప్యాకెట్లలో పోసి అమ్మడం తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్‌తో ఊపందుకుందని చెబుతారు. సీసా కొనలేని కూలివాడు కూడా కొనుక్కోగలగాలన్నది అందులోని ఆలోచన. అందులో న్యాయం ఉంది. రోజుకూలి తెచ్చుకునే ఇంటికి నెల సరుకు ఒకేసారి కొనే డబ్బు ఎప్పుడూ చేతిలో ఉండదు. ఆ ఇంటావిడ దగ్గరకు పోయి "ప్యాకెట్లు కొనకు, పెద్ద డబ్బా కొనుక్కో, చెత్త తగ్గుతుంది" అని చెబితే, అది ఆకలిగా ఉన్నవాడికి ఉపవాసం గొప్పతనం చెప్పినట్టే.

దీన్ని ఊరికే అనుకోవడం కాకుండా లెక్క వేసి చూశాం. ఒక వారం మా వంటింటి తలుపు వెనక ఒక సంచి తగిలించి, కుళ్లని చెత్తంతా అందులో వేశాం. మా పెద్దమ్మ కొడుకు కూలిపని చేస్తాడు, వాళ్లింట్లోనూ నలుగురే. వాళ్లనూ ఒక సంచి పెట్టుకోమని బతిమాలాను. ఆదివారం మా అమ్మాయి రెండూ వాకిట్లో గుమ్మరించి లెక్కపెట్టింది. మా సంచిలో 71, వాళ్ల సంచిలో 19. మా 71లో 24 చిరుతిళ్ల కవర్లు. పాల ప్యాకెట్లు, బిస్కెట్ల కవర్లు, రెండు నీళ్ల సీసాలు, ఆన్‌లైన్‌లో తెప్పించిన చెప్పుల పెట్టె మీది కవరు మీద కవరు. వాళ్ల 19లో ఆరు షాంపూవి, మిగతావి ఉప్పు, నూనె, సబ్బు పొడి, బీడీలు.

మా వదిన ఆ రెండు కుప్పలూ చూసి నవ్వింది. "మీ బడిలో చెత్త గురించి మాకు చెప్పడానికి మీటింగు పెడతారు కదా వదినా" అంది. నాకు సమాధానం దొరకలేదు.

అప్పటి నుంచి ఈ విషయంలో నాకు ఒక నమ్మకం కుదిరింది. చెత్త తగ్గించే పని మన ఊళ్లలో జీతం ఉన్న ఇళ్లతో మొదలవ్వాలి. మన చెత్త ఎక్కువ అన్నది ఒక కారణమే. రెండోది ఇంకా గట్టిది. నామోషీని ఊళ్లోకి తెచ్చింది మనమే. ఊళ్లో మొదటి పూత ప్లేట్ల భోజనం పెట్టింది టీచరింట్లోనో, ఉద్యోగస్తుడి ఇంట్లోనో అయి ఉంటుంది. దాన్ని చూసి అప్పుచేసైనా మిగతావాళ్లు అలాగే పెట్టారు. తెచ్చినవాళ్లే తీసుకుపోవాలి. కూలి ఇంటివాళ్లు ఆకు వేస్తే గతిలేక వేశారంటారు. జీతమున్నవాళ్లు ఆకు వేస్తే కావాలని వేశారని అందరికీ అర్థమవుతుంది. గుణం అనే మాటకు అర్థం ఉండేది అక్కడే.

చెప్పడం తేలిక. చేయబోతే మొదట తగిలింది నా నడుముకే. చెత్త తగ్గించడమంటే చాలాసార్లు ఆడవాళ్ల పని పెంచడం. ప్లాస్టిక్ గ్లాసు మానేసి స్టీలు గ్లాసు పెడితే కడిగేదెవరు? కడగడానికి ఊట నుంచి నీళ్లు మోసేదెవరు? మన ఊళ్లలో పూత ప్లేట్లు అంత త్వరగా పాకడానికి నామోషీ ఒక కారణమైతే, ఆడవాళ్ల అలసట రెండో కారణం. వందమంది తిన్న కంచాలు రాత్రి పదకొండు గంటలకు గెడ్డలో తోమిన చేతులకు ఆ ప్లేటు దేవుడిచ్చిన వరంలాగే ఉంటుంది. పర్యావరణం మీద ఉపన్యాసం ఇచ్చే మగవాళ్లెవరైనా ముందు ఆ తోముడు రాయి దగ్గర కూర్చోవాలి. మా ఇంట్లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. చివరికి సంతకు గుడ్డ సంచి, నూనె డబ్బా పట్టుకెళ్లే పని మా ఆయనది, గ్లాసులు కడిగే పని మా అబ్బాయిది అని తేలింది. మొదటి నెలలో మా ఆయన నాలుగు సంతల్లో రెండుసార్లు డబ్బా మరిచిపోయారు. కొట్టువాడే నవ్వుతూ గుర్తుచేయడం మొదలుపెట్టాక అలవాటైంది.

మిగతావి పెద్ద విశేషాలేమీ కావు. చిరుతిళ్లకు ఆదివారం జంతికలు, వేరుశెనగ ఉండలు చేసి డబ్బాలో పోస్తున్నాం. పప్పు, ఉప్పు విడిగా తూకం వేయించుకుంటున్నాం. పెంటకుప్పకు, కవర్ల సంచికి వేర్వేరు చోట్లు పెట్టాం, ఈ ఒక్క అలవాటుతోనే మా పెంట మళ్లీ మడికి పోతోంది. కుంకుడుకాయ మాత్రం ఓడిపోయింది. మా అమ్మాయి హాస్టల్‌లో వంద మందికి నాలుగు కుళాయిలు, అక్కడ కుంకుడు రసం తీసుకుని తలంటుకోవడం కుదరదు. షాంపూ సీసా కొనిస్తున్నాను. ఆడపిల్లల నెలసరి ప్యాడ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అవి చెత్తే, కాలిస్తే పొగే. కానీ వాటివల్లే మా బడిలో పిల్లలు నెలకు నాలుగు రోజులు ఇంట్లో కూర్చోవడం తగ్గింది. చెత్త పేరు చెప్పి వాటిని మానమని ఏ ఆడపిల్లకూ నేను చెప్పను. ఉతుక్కుని వాడే గుడ్డ ప్యాడ్లు ఉన్నాయని చెబుతాను, ఉతికి ఎండలో ఆరేసుకునే చోటు లేని పిల్లను బలవంతపెట్టను.

ఇంతా చేస్తే మా సంచిలో ఇప్పుడు వారానికి ముప్పై దాకా పడుతున్నాయి. అంతకంటే దిగడం లేదు. పాల కవర్లు, సీసాలు మండల కేంద్రంలో పాత సామాన్ల కొట్టువాడు తీసుకుంటాడు. చిప్స్ కవర్లు, షాంపూ ప్యాకెట్లు తీసుకోడు. వాటిలో ప్లాస్టిక్ పొర, లోహపు పొర కలిపి అతికించి ఉంటాయి, విడదీయడం కుదరదు, కొనేవాడు లేడు. ఊళ్లో తిరిగి వచ్చేవి అవే. అందుకే మన దగ్గర తగ్గించడం తప్ప వేరే మార్గం లేదంటాను. పట్నంలో బండి వచ్చి తీసుకుపోతుంది, కళ్లకు కనబడదు, మనసుకు పట్టదు. విశాఖ చెత్త ఏళ్ల తరబడి కాపులుప్పాడ గుట్టగా పెరిగింది. అది పట్నంవాళ్లకు ఊరవతల, కాపులుప్పాడవాళ్లకు అదే ఊరు. మన కొండల మీద ఊరవతల అన్నచోట ఇంకో ఊరి నీళ్లుంటాయి. మా గెడ్డలో పడింది కింద ఊరి ఊటకు చేరుతుంది.

కాల్చేస్తే సరిపోతుందని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. చాలా బడుల్లో శనివారం సాయంత్రం ఊడ్చి, కుప్ప చేసి, అగ్గిపుల్ల గీస్తాం. ఆ పని పిల్లల చేతే చేయిస్తాం. చెత్తను బహిరంగంగా కాల్చకూడదని 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే చెప్పారు. నియమం సంగతి అలా ఉంచినా, ప్లాస్టిక్ సగం కాలి వచ్చే పొగలో విషాలుంటాయి, ఆ పొగలో నిలబడేది ఎనిమిదేళ్ల పిల్లలు. పర్యావరణ దినోత్సవం నాడు ప్లాస్టిక్ వద్దని ఫ్లెక్సీ కొట్టించి ర్యాలీ తీసిన బడిని నేను ఎరుగుదును. ఆ ఫ్లెక్సీ ప్లాస్టిక్కే. ఆ ర్యాలీలో ముందు నడిచినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపడం లేదు.

చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఒకటి అడుగుతారు. వాళ్ల కోపం న్యాయమైనది. "లంబసింగి, వంజంగి చూడ్డానికి కార్లలో వచ్చి సీసాలు పారేసి పోయేవాళ్లను వదిలేసి మాకు చెబుతారేంటి టీచర్? ప్యాకెట్లు తయారుచేసే కంపెనీలను ఎవరడుగుతారు?" అడగాల్సిందే. తాము అమ్మిన ప్లాస్టిక్ ప్యాకింగును తిరిగి సేకరించే బాధ్యత కంపెనీలదేనని 2022లో కేంద్రం నిబంధనలు ఇచ్చింది. మా గెడ్డ ఒడ్డుకు ఇంతవరకు ఎవరూ సేకరించడానికి రాలేదు. అదే ఏడాది జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాల వంటివి నిషేధించారు. షాంపూ ప్యాకెట్టు ఆ జాబితాలో లేదు. మన గ్రామసభలో ఈ విషయం మీద తీర్మానం చేసి పైకి పంపండి. సందర్శకులను కొండ ఎక్కించే గైడ్లలో, గుడారాలు వేసేవాళ్లలో మన పిల్లలే ఎక్కువ. ఎక్కేముందు సీసాలు లెక్కపెట్టి, దిగాక మళ్లీ లెక్క అడగండి. ఇవన్నీ చేయాలి.

కానీ ఆ కోపాన్ని నా అటకకు అడ్డం పెట్టుకోనివ్వను. కంపెనీ తప్పు కంపెనీదే, సందర్శకుడి తప్పు సందర్శకుడిదే. నా ఇంట్లో రెండు వందల విస్తర్లు సిద్ధంగా ఉండగా మూడు వందల ప్లేట్లు కొనమని ఏ కంపెనీ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఇంకొకడి తప్పు పెద్దదైనంత మాత్రాన నాది లేకుండా పోదు. నాది ఒప్పుకున్నంత మాత్రాన పెద్దవాడిని నిలదీసే హక్కూ పోదు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే లెక్కలు కావని మా చిన్నాన్న ఆవు దగ్గర నిలబడినప్పుడు నాకు అర్థమైంది. చిన్నాన్నతో ఆ సంగతి చెప్పడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆయన విని, చుట్ట ఆర్పి, "నా కొడుకు పెళ్లికీ అవే వేశాను కదమ్మా" అన్నాడు.

పోయిన మాఘమాసంలో మా తమ్ముడి కూతురి పెళ్లి. భోజనాల సంగతి నాకు వదిలేయమని అడిగాను. అటక మీద నుంచి అమ్మ కుట్టిన కట్టలు దింపించాను. పైవి చేత్తో ముట్టుకుంటే పొడి అయిపోయాయి, లోపలివి పురుగు తినేసింది. ఒక్కటీ పనికిరాలేదు. అమ్మ ఆ పొడిని చేటలోకి ఎత్తి పెంటకుప్పలో పోసి వచ్చింది. ఏమీ అనలేదు. అమ్మకు ఇప్పుడు కళ్లు సరిగా ఆనవు, ఈనె ఎక్కడ గుచ్చాలో కనబడదు. కాబట్టి చేతులతో తడిమి చూపిస్తూ నాకు, మా అమ్మాయికి, మా వదినకు నేర్పింది. ఆకు తొడిమ ఏ వైపు ఉండాలి, ఈనె ఎంత లోతు పోవాలి, అంచు ఎలా మడవాలి. ఊళ్లో ఇంకో ఆరుగురు ఆడవాళ్లకు డబ్బులిచ్చి కుట్టించాం. సంతలో పట్నం వ్యాపారి ఇచ్చే ధర కంటే ఎక్కువే ఇచ్చాం, మాకూ అంత భారం కాలేదు. నాలుగు వందలు తయారయ్యాయి.

పెళ్లిలో మా బడి టీచర్లు కూర్చున్న బంతిలో నేనే వడ్డించాను. అమ్మ చివర కూర్చుంది. తన ముందు పడ్డది నేను కుట్టిన విస్తరి. పులుసు పోయగానే అంచు దగ్గర సందులోంచి కారి, చాప మీదికి వచ్చింది. అమ్మ వేలితో ఆ సందు తడిమింది.

"ఇది నువ్వు కుట్టిందేనా?"

అవునన్నాను.

"ఈనె పైకి గుచ్చినావు. ఇంకో ఆకు పట్టుకురా."

తెచ్చి కింద వేశాను.